అర్జీలో మూడో పేరు

భావనపాడు,
6 జూలై 2020

అమ్మా నీలిమా,

నీ మావయ్య కూర్మయ్య క్షేమం. నువ్వు ఫోన్ చేస్తే మీ అత్త నా చెవి దగ్గర పెట్టింది గాని, నాకు గాలి హోరు తప్ప ఇంకేమీ వినపడలేదు. నలభై ఏళ్లు జముకు మోత పక్కన నిలబడి పాడిన చెవులమ్మా ఇవి. కుడిది ఎప్పుడో పోయింది. ఎడమది ఈ ఏడు దాని దారి పట్టింది. అందుకే ఈ ఉత్తరం. టెక్కలి నుంచి తపాలా ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియడం లేదు. చేరినప్పుడే చదువుకో.

మా జముకుల కథ చివరిసారి పాడింది ఉగాది ముందు, నిమ్మాడలో. ఆ తర్వాత ఆరు ఊళ్ల అమ్మవారి సంబరాలకు ఒప్పుకున్నాం. ఆరూ ఆగిపోయాయి. వంత పాడే కామాక్షమ్మ పలాసలో జీడిపిక్కలు ఒలవడానికి పోతోంది. వేట మొదలైంది గాని బోటెక్కే వయసా నాది? గట్టున కూర్చుని చిరిగిన వలలు బాగుచేస్తున్నాను. అసిరయ్య సంగతి నీకు తెలిసిందే. మీ అత్త తమ్ముడు, నీకు చిన్నాన్న. వారానికి రెండుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. ఉద్దానంలో ఆ జబ్బు గురించి కొత్తగా చెప్పేదేముంది! అయినా మొన్న మార్చి దాకా, సూది లేని రోజు చూసి కథ ఒప్పుకునేవాళ్లం. జముకు చంకన పెట్టి తంతి మీటాడంటే వాడికి రోగముందని ఎవరూ అనుకోరు.

సంగతేమిటంటే, పేపర్లో చూశాను. విశాఖలో సాగర కళాసమితి వాళ్లు కరోనాతో పని పోయిన కళాకారులకు సాయం ఇస్తారట. అది నువ్వు పని చేసే ఆఫీసే కదా? మేం పట్నం వాళ్లం కాదు. కాని రెండేళ్ల కిందట మీ బీచి ఉత్సవంలో పాడాం. అది చాలుతుందేమో కనుక్కో.

నా చెల్లికి మోకాలి నొప్పి ఎలా ఉంది?

మీ మావయ్య,
కూర్మయ్య

*

విశాఖపట్నం,
15 జూలై 2020

మావయ్యా,

ఉత్తరం తొమ్మిది రోజులకు చేరింది. అమ్మ రెండుసార్లు చదివించుకుంది. మోకాలు అలాగే ఉందిట గాని, ఎండు నెత్తళ్ల చేపలు తింటే తగ్గుతుందట. అలా రాయమంది, రాశాను.

నువ్వు చూసిన వార్త నిజమే. మూడేళ్లలో ఒక్కసారైనా నగరంలో ప్రదర్శన ఇచ్చిన బృందాలకు కూడా ఇస్తారు. ఆ ఉత్సవం కరపత్రం మా బీరువాలోనే ఉంది. మీ ముగ్గురి పేర్లూ ఉన్నాయి, ఒక్క నీ పేరే 'కుర్మయ్య' అని పడింది. దానికి ఇబ్బంది లేదు.

ఇందులో అర్జీ పెడుతున్నాను. బృందానికి ఒకటే అర్జీ. ముగ్గురూ సంతకాలో వేలిముద్రలో వేసి, ముగ్గురి కార్డుల నకళ్లూ జత చేసి వెంటనే పంపు. ఆగస్టు తొమ్మిది సాయంత్రం గడువు. నేను ఇక్కడ కాంట్రాక్టు మీద పని చేసే గుమాస్తాను మాత్రమే మావయ్యా. అర్జీలు తీసుకుని వరసలో పెట్టడం వరకే నా పని. ఎవరికివ్వాలో తేల్చేది కమిటీ. ఊళ్లో ఎవరికీ మాట ఇవ్వకు.

మాస్కు లేకుండా టెక్కలి వెళ్లకు.

నీలిమ

*

భావనపాడు,
27 జూలై 2020

తల్లీ,

అర్జీ నింపాను. నా అక్షరాలు చూసి మీ ఆఫీసులో నవ్వుతారేమో. కథ పుస్తకాలు రాసుకున్న చెయ్యి, గడుల్లో ఇమడదు. మొదటి పేరు నాది, రెండోది కామాక్షమ్మ, మూడోది అసిరయ్య. వాడి పేరు ఎదురుగా "జముకు కళాకారుడు" అని రాశాను. చదివి వినిపిస్తే, కళాకారుడు అనే మాట దగ్గర వేలు పెట్టి చూపించమన్నాడు. చూపించాను. ఆ పక్కనే వేలిముద్ర వేశాడు.

కార్డు అన్నావు గాని ఏ కార్డో రాయలేదు. నాకూ కామాక్షమ్మకూ కళాకారుల కార్డులున్నాయి. శ్రీకాకుళంలో వాటికి ఫొటోలు తీసిన రోజున వాడు పలాసలో సూదుల మంచం మీద ఉన్నాడు. తర్వాత రెండుసార్లు తిరిగాం. ఈసారి వచ్చినప్పుడు అన్నారు, ఆ ఈసారి రాలేదు. అందుకని వాడికి ఉన్న కార్డు, డయాలసిస్ కార్డే పంపుతున్నాను. మా ఇద్దరి కార్డుల మీద కన్నా దాని మీదే ముద్రలెక్కువ. సరిపోతుందనుకుంటాను.

నువ్వు ఎవరికీ మాట ఇవ్వొద్దన్నావు. ఇవ్వలేదు. కాని మన పేటలో కోలాటం వాళ్లూ తప్పెటగుళ్ల వాళ్లూ నా అరుగు దిగడం లేదు. నా మేనకోడలే డబ్బులు పంచుతోందని వాళ్ల నమ్మకం.

నెత్తళ్లు పంపాలంటే బస్సుల్లేవు. తిరగనీ, పంపుతాను.

కూర్మయ్య

*

విశాఖపట్నం,
10 ఆగస్టు 2020

మావయ్యా,

నీ అర్జీ ఆరో తేదీన అందింది. హడావిడిలో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకో.

చిన్నాన్న కార్డు దగ్గర చిక్కొచ్చింది. మా కార్యదర్శి తారకేశ్వరరావు గారు చెడ్డవారు కాదు. కాని ఆయన బల్ల మీద ఆరు వందల అర్జీలున్నాయి. ఆస్పత్రి కార్డు చూసి ఆయన, ఇది కరోనాతో పని ఆగినవాళ్లకే గాని జబ్బుతో ఆగినవాళ్లకు కాదన్నారు. మార్చి దాకా వాయించాడని చెప్పాను. రుజువేదన్నారు. ఒక్కరి కాగితం సరిగా లేకపోయినా బృందం మొత్తాన్ని పక్కన పెట్టాలట. అదే నియమం.

నిన్న గడువు ముగిసేలోగా అర్జీ నేనే సరిచేసి లోపలికి పంపాను. ఇక మీ బృందం అర్జీ ఆగదు. బెంగపడకు. వివరంగా మళ్లీ రాస్తాను.

నీలిమ

*

భావనపాడు,
22 ఆగస్టు 2020

నా బంగారు తల్లికి,

నువ్వు అర్జీ సరిచేశావని చదవగానే చెప్పులు కూడా వేసుకోకుండా అసిరయ్య ఇంటికి పోయాను. ముందు నమ్మలేదు వాడు. "పేరొచ్చిందేటి బావా? నా పేరే?" అని నా ఎడమ చెవిలో అరిచాడు. మరెవరిదన్నాను. "జముకని కూడా రాసినారా?" అన్నాడు. రాశారన్నాను.

నీలిమా, ఐదు నెలలుగా అటక మీదున్న జముకు దింపించాడు. పెళ్లాం సన్యాసమ్మ వద్దంటున్నా వినకుండా తోలు బిగించాడు. చేతికి సూదులు గుచ్చిన చోట వాపు ఉంది, అయినా తంతి మీటాడు. నాకు వినపడలేదనుకో, అరుగు మీద చెయ్యి పెడితే తెలిసింది. పలాసలో పక్క మంచాల వాళ్లందరికీ చెప్పుకున్నాడట, పట్నం వాళ్లు తనని కళాకారుడని ఒప్పుకున్నారని. అక్కడి నర్సమ్మ ఒకావిడ, సలోమి అని, ఒక పాట పాడమని అడిగిందట. నేను వాయించేవాణ్ణి, పాడేవాణ్ణి కాదు అన్నాడట కోపంగా.

డబ్బు ఎప్పుడొచ్చినా రానీ. ముందు మాట వచ్చింది. నువ్వు చేసిన మేలు నేను మరవను.

తితిలీ తుపానుకు పడిపోగా మిగిలిన రెండు కొబ్బరి చెట్లూ ఈ ఏడు కాశాయి. ఎవరైనా విశాఖ వస్తే కాయలు పంపుతాను.

నీ మావయ్య

*

విశాఖపట్నం,
3 సెప్టెంబర్ 2020

మావయ్యా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. అమ్మ ఏమైందని అడిగితే ఆఫీసు పని అన్నాను.

చిన్నాన్నకు అప్పుడే చెప్పకుండా ఉండాల్సింది. జాబితా ఇంకా రాలేదు. కమిటీ ఎలా తేలుస్తుందో తెలియదు. పేర్లు అటూ ఇటూ కావచ్చు. నేను రాసింది నువ్వు కొంచెం వేరుగా అర్థం చేసుకున్నావేమో. కాగితం మీద సరిగా చెప్పలేకపోతున్నాను. రైళ్లు నడుస్తుంటే వచ్చి చెప్పేదాన్ని.

చిన్నాన్నను ఎక్కువగా వాయించనివ్వకు. పిన్నిని అడిగానని చెప్పు.

నీలిమ

*

భావనపాడు,
5 సెప్టెంబర్ 2020

నీలిమా,

అసిరయ్య లేడు. సోమవారం పొద్దున్న పోయాడు.

పలాసలో కేసులు ఎక్కువయ్యాయని దారిలో రెండు ఊళ్ల వాళ్లు రోడ్డుకు అడ్డంగా కర్రలు కట్టేశారు. ఆటో రెండుసార్లూ వెనక్కి తిరిగింది. మూడోసారి సన్యాసమ్మ ఆ కర్రల దగ్గర కూర్చుని దండం పెట్టింది. తీశారు. వాళ్లూ భయపడే కట్టారు, పాపం. అప్పటికే ఒళ్లంతా నీరు పట్టేసింది. ఆస్పత్రి గుమ్మం దాకా వెళ్లాడు గాని మంచం దాకా వెళ్లలేదు.

కరోనా కాదని కాగితం ఇచ్చారు. అయినా మోయడానికి నలుగురు దొరకడం కష్టమైంది. మాలో ఎవరు పోయినా వాకిట్లో కథ చెప్పి సాగనంపడం అలవాటు. గుంపు కూడొద్దన్నారు. కామాక్షమ్మ వంత లేకుండా నాలుగు మాటలు అంది, నేను అందుకోలేకపోయాను.

ఒక్కటే తృప్తి తల్లీ. కళాకారుణ్ణనుకుంటూ పోయాడు. అది నీ వల్లే. సన్యాసమ్మ కూడా నీకు అదే రాయమంది.

నీ దగ్గర్నుంచి ఈ మధ్య ఉత్తరం లేదు. మీ అమ్మకు నెమ్మదిగా చెప్పు.

కూర్మయ్య

*

భావనపాడు,
12 అక్టోబర్ 2020

నీలిమకు,

మీ సమితి జాబితా వచ్చింది. ఇద్దరి పేర్లున్నాయి, నాదీ కామాక్షమ్మదీ. సాయం కూడా మా ఇద్దరి బ్యాంకు ఖాతాల్లో పడింది.

నేను చెప్పకముందే సన్యాసమ్మకు తెలిసింది. సంతకు పోతే కోలాటం వాళ్లు చెప్పారట. మా ఇంటికొచ్చి జాబితా చూపించమంది. ఆమెకు చదువు రాదు. పేర్లు మాత్రం లెక్కపెట్టుకుంది. "రెండే ఉన్నాయేటి అన్నయ్యా?" అంది. కామాక్షమ్మా నేనూ మా వాటాలోంచి ఇవ్వబోతే తీసుకోలేదు. "ఆయన పేరు లేని డబ్బులు నాకెందుకు?" అని వెళ్లిపోయింది.

పేర్లు అటూ ఇటూ కావచ్చని నువ్వు రాసిన ఉత్తరం వాడి పెద్దకర్మ అయ్యాక అందింది. అది మళ్లీ తీసి చదివాను. ఇప్పుడు ఒక్క మాట అడుగుతున్నాను. వాడు పోయాడని మీ ఆఫీసుకు ఎలా తెలిసింది? నేను నీకు తప్ప ఎవరికీ రాయలేదు. చావు కబురు నీకు రాసింది ఏడవడానికి. దాన్ని తీసుకెళ్లి కమిటీ ముందు పెట్టావా? చచ్చినవాడి పేరు తీసేస్తారని నీకు తెలియదా?

కూర్మయ్య

*

విశాఖపట్నం,
24 అక్టోబర్ 2020

మావయ్యా,

చిన్నాన్న పోయిన సంగతి జాబితా వచ్చేదాకా నేను ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేదేమో, నువ్వనుకున్నదే నిజమయ్యేది. జరిగింది అంతకన్నా హీనం.

పేరు కమిటీ తియ్యలేదు. నేను తీశాను. ఆగస్టు తొమ్మిదిన, చిన్నాన్న బతికుండగా.

ఆ సాయంత్రం నాలుగున్నరకు తారకేశ్వరరావు గారు పక్కన పెట్టిన అర్జీలన్నీ కట్ట కట్టమన్నారు. మీది అందులో ఉంది. ఐదింటికి గడువు. నీకు ఫోన్ చేస్తే నీకు వినపడదు. అత్తకు చెబితే, నువ్వు ఒప్పుకోవని తెలుసు. మూడో పేరు కొట్టేసి ఇద్దరి బృందమని దిద్దితే తీసుకుంటారా అని ఆయన్ని అడిగాను. తీసుకుంటామన్నారు. నా పెన్నుతో కొట్టేశాను. ఇద్దరికైనా వస్తుంది, వచ్చాక ముగ్గురూ పంచుకుంటారు, చిన్నాన్నకు డబ్బే కదా కావాలి అనుకున్నాను. నేను అక్కడే తప్పాను. ఆయనకు కావలసింది డబ్బు కాదని నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలియదు.

సరిచేశానని రాశాను గాని ఏం చేశానో రాయలేదు. ధైర్యం చాలలేదు. నువ్వు సంతోషంగా రాసిన తర్వాత అసలే చాలలేదు. జాబితా వచ్చాక ఆయన పేరు మళ్లీ చేర్చమని కార్యదర్శి గారిని అడిగాను. నిధి అయిపోయిందన్నారు. మనిషే పోయాడు, డబ్బొద్దు, జాబితాలో పేరు మాత్రం వెయ్యమన్నాను. బతికున్న వాళ్లకే జాబితా అమ్మా అన్నారు. ఆయనా ఏమీ చేయలేరు. నూట యాభై మందికి కూడా సరిపోలేదు ఆ నిధి.

నన్ను తిట్టు, కాని జవాబు రాయి.

నీలిమ

*

భావనపాడు,
25 నవంబర్ 2020

నీలిమకు,

నెల రోజులు కలం పట్టలేదు. కోపంతో కాదు, ఏం రాయాలో తెలియక.

నీ స్థానంలో నేనుంటే ఏం చేసేవాణ్ణని ఆలోచించాను. అర్జీ మొత్తం వెనక్కి లాక్కునేవాణ్ణని మొదట అనుకున్నాను. కాని జాబితాలో నా పేరు చూసిన రోజు నేనేం చేశాను? టెక్కలి వెళ్లి డబ్బు తీసుకున్నాను. బియ్యం కొన్నాను. కామాక్షమ్మ కూడా తీసుకుంది. కాబట్టి నిన్ను అనడానికి నాకు నోరు లేదు.

అయితే సన్యాసమ్మ ఇంకా కమిటీ వాళ్లనే తిట్టుకుంటోంది. నువ్వు ఎంతో కష్టపడ్డావని ఊళ్లో చెబుతోంది. ఆ మాట నేను వినలేకపోతున్నాను, ఈ చెవులతో కూడా. ఆమెకు నిజం చెప్పడం నా వల్ల కాదు. బస్సులు తిరుగుతున్నాయి. నువ్వొచ్చి చెప్పు.

కూర్మయ్య

*

విశాఖపట్నం,
28 డిసెంబర్ 2020

మావయ్యా,

క్షేమంగా చేరాను. నెత్తళ్ల వాసనకు బస్సులో పక్కావిడ లేచి వేరే సీటుకు వెళ్లిపోయింది. అమ్మ మాత్రం సంచీ విప్పి మీ ఊరంతా వచ్చినట్టు సంబరపడింది.

ఆ రోజు ఎండు చేపల కళ్లం దగ్గర నువ్వు మా పక్కనే కూర్చున్నావు గాని నీకేమీ వినపడలేదని తెలుసు. మేం ఇద్దరం గట్టిగా మాట్లాడలేదు. పిన్ని నీకు చెప్పి ఉండదు. అందుకే రాస్తున్నాను.

జరిగినదంతా చెప్పాను. ఆమె చేపలు తిరగేస్తూనే వింది. నేను ఏడ్చాను, ఆమె ఏడవలేదు. ఆ వరస చేపలన్నీ తిరగేశాక అడిగింది.

"నువ్వేనేటి కొట్టీసినావు?"

అవునన్నాను.

"ఎలగ కొట్టీసినావు? పేరు కనబడకుండా రుద్దీసినావా, ఒక్క గీతేనా?"

ఒక్క గీతే అన్నాను.

"అయితే సదవడానికొత్తాదా?"

వస్తుందన్నాను. ఆయన పేరు, పక్కన జముకు కళాకారుడు అన్న మాట, వేలిముద్ర, అన్నీ కనిపిస్తాయన్నాను.

అప్పుడు చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఆ కాయితం నాకు తెచ్చియ్యి నీలిమా. ఆయన కాయితాలన్నీ రోగం కాయితాలే. కళాకారుడని రాసింది అదొక్కటే" అంది.

తెస్తానని మాట ఇచ్చాను. నీకు ఒకప్పుడు నేనే చెప్పాను, ఎవరికీ మాట ఇవ్వొద్దని.

సోమవారం ఆఫీసుకు వెళ్లగానే బీరువా తెరిచాను. ఖాళీ. విరాళాలిచ్చిన వాళ్ల తరఫున ఆడిటర్లు వచ్చి ఫైళ్లన్నీ హైదరాబాద్ పట్టుకెళ్లారట. ఒక్క కాగితం నకలు ఇప్పించమని తారకేశ్వరరావు గారిని బతిమాలాను. ఆయన నా ముందే ఫోన్ చేశారు. అన్ని ఊళ్ల సంస్థల అర్జీలూ కలిసి వేలల్లో ఉన్నాయి, పెట్టెలు విప్పలేం, పని పూర్తయ్యాక నియమం ప్రకారం చించేస్తాం అన్నారట అవతల. నా కాంట్రాక్టు కూడా ఈ నెలాఖరుతో సరి. జనవరి నుంచి నేను గేటు లోపలికి వెళ్లడానికి కూడా లేదు.

పిన్నికి ఏం చెప్పమంటావు మావయ్యా? ఏదైనా చెప్పు. ఈసారి నువ్వు చెప్పిందే చేస్తాను.

నీలిమ

*

భావనపాడు,
11 జనవరి 2021

అమ్మా నీలిమా,

నీ ఉత్తరం తీసుకుని సన్యాసమ్మ దగ్గరకు వెళ్లాను. నువ్వు రాసిందంతా చదువుదామనే వెళ్లాను. ఫైళ్లు హైదరాబాద్ పట్టుకెళ్లారన్న దాకా చదివి, ఊపిరి తీసుకోవడానికి ఆగాను.

ఆమె నా ఎడమ చెవి దగ్గరకు వంగింది.

"అంత దూరం మోసుకెళ్లినారంటే పారెయ్యడానికి కాదు గదా అన్నయ్యా. దాసుకోడానికే గదా" అంది.

మిగతా సగం నా చేతిలోనే ఉంది. చించేస్తారన్న మాట మీద నా బొటనవేలు ఉంది.

"దాసుకోడానికే" అన్నాను.

అయితే అక్కడే ఉండనిమ్మంది. మా ఇంట్లో అయితే వానకు తడిసిపోతుంది అంది. లేచి లోపలికి వెళ్లి, నాకు చాయ్ పెట్టింది.

ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. నువ్వు మళ్లీ వచ్చినప్పుడు ఆమె అడిగితే, నువ్వూ అదే చెప్పు.

మీ మావయ్య,
కూర్మయ్య